బరువు, బలం: ముస్లిం నాగరికతలో తూనిక శాస్త్రం

ఓడరేవులో బరువులెత్తే క్రేను మీద '10 టన్నులు' అని రాసి ఉంటుంది. ఆ క్రేనుకు లెక్కలు కట్టిన ఇంజనీరు కాగితాలలో అదే సామర్థ్యం 98.07 కిలోన్యూటన్లుగా కనిపిస్తుంది. మొదటి సంఖ్యను 9.80665 చేత గుణిస్తే రెండవది వస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి అయినా చేయగల లెక్క ఇది. అందుచేతనే దీనిని గజాలను మీటర్లలోకి, శేర్లను కిలోలలోకి మార్చడం వంటిదేనని చాలామంది భావిస్తారు. కాని గజమూ మీటరూ రెండూ పొడవులే. టన్నూ కిలోన్యూటనూ అలా కావు. టన్ను ఒక వస్తువులో పదార్థం ఎంత ఉన్నదో చెబుతుంది. కిలోన్యూటను ఆ పదార్థాన్ని భూమి ఎంత బలంతో తన వైపు లాగుతున్నదో చెబుతుంది. ఈ గుణకారంలో ఒక కొలత మరొక కొలతగా మారడమే కాదు, ఒక భావం మరొక భావంగా మారుతున్నది.

ఈ రెండు భావాలను వేరు చేసి చూడడం మానవుడికి ఒక్కనాడు అబ్బలేదు. దాని చరిత్రలో గ్రీకుల కాలానికీ, పదిహేడవ శతాబ్దపు ఐరోపాకూ నడుమ అరబ్బీ భాషలో రాయబడిన పెద్ద అధ్యాయం ఒకటి ఉన్నది. దానిని గురించి మన భాషలో వచ్చిన రచనలు తక్కువ. వచ్చినవాటిలోనూ కొన్ని అతిశయోక్తులతో అసలు విషయాన్ని మరుగుపరచాయి.

తత్త్వవేత్త అబూ నస్ర్ అల్ ఫారాబీ (మరణం హిజ్రీ 339, క్రీ.శ. 950) తన కాలంలో ప్రచారంలో ఉన్న విద్యలన్నింటినీ వర్గీకరిస్తూ 'ఇహ్సా అల్ ఉలూమ్' అనే చిన్న గ్రంథం రాశాడు. అందులో గణిత విద్యల కింద 'ఇల్మ్ అల్ అస్ఖాల్', అనగా బరువుల శాస్త్రం, అనే ప్రత్యేక శాఖను చేర్చాడు. యుక్తితో యంత్రాలు నిర్మించే 'ఇల్మ్ అల్ హియల్'కు ఇది భిన్నమైనదని చూపాడు. గమనించవలసినది ఆ శాఖను ఆయన రెండుగా చీల్చిన తీరు. బరువులను తూచడం, బరువులతో తూచడం ఒక భాగం. ఇది త్రాసుల మూలసూత్రాలను పరిశీలిస్తుంది. బరువులను కదిలించడం, బరువులతో కదిలించడం రెండవ భాగం. ఇది భారమైన వస్తువులను ఎత్తి ఒక చోటినుంచి మరొక చోటికి చేర్చే సాధనాల మూలసూత్రాలను పరిశీలిస్తుంది. ఫారాబీకి నేటి ద్రవ్యరాశి అనే భావం తెలియదు. అయినా బజారులో తక్కెడ ముందు నిలబడ్డవానికి కావలసిన జ్ఞానమూ, కట్టడం దగ్గర మోకు పట్టుకొన్నవానికి కావలసిన జ్ఞానమూ ఒకటి కాదని ఆయన గుర్తించాడు. నేడు టన్నుకూ కిలోన్యూటనుకూ నడుమ ఉన్న గీత దాదాపు అక్కడే ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో తొలెదో నగరంలో ఈ గ్రంథం లాటిన్ భాషలోకి వెళ్లింది. బరువుల శాస్త్రం ఐరోపాలో ఒక ప్రత్యేక విద్యగా నిలదొక్కుకోవడానికి అదీ ఒక కారణం.

రెండవ భాగానికి ఆధారమైన గ్రంథం ఒకటి అప్పటికే అరబ్బీలో ఉన్నది. అలెగ్జాండ్రియాకు చెందిన హెరోన్ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో యంత్రశాస్త్రం మీద రాసిన మూడు భాగాల గ్రంథాన్ని, తొమ్మిదవ శతాబ్దంలో బాల్‌బెక్ వాసి ఖుస్తా ఇబ్న్ లూఖా బరువైన వస్తువులను ఎత్తడం అనే అర్థం వచ్చే పేరుతో అరబ్బీలోకి అనువదించాడు. గ్రీకు మూలం తర్వాతి కాలంలో నశించింది. కొన్ని తునకలు మినహా ఆ గ్రంథం ప్రపంచానికి దక్కినది ఈ అరబ్బీ అనువాదంలోనే. 1893-94లో ఫ్రెంచి పండితుడు కారా ద వో అరబ్బీ ప్రతినుంచే దానిని తొలిసారి ప్రచురించాడు. ఖుస్తా క్రైస్తవుడు. ఇకముందు ప్రస్తావనకు వచ్చే సాబిత్ ఇబ్న్ ఖుర్రా హర్రాన్‌కు చెందిన సాబియీ. ముస్లిం నాగరికత అన్నప్పుడు అందులో ముస్లింలు మాత్రమే పనిచేశారని అర్థం కాదు. ఖలీఫాల ఆదరణలో, అరబ్బీ భాష నీడలో, పలు మతాలవారు కలిసి నడిపిన విద్య అది.

ఆ గ్రంథం మొదట్లోనే ఒక సమస్య ఉన్నది. వేయి తలాంతుల బరువును అయిదు తలాంతుల బలంతో ఎత్తడం ఎలా? పెద్ద చక్రం చిన్న ఇరుసును తిప్పేలా, ఆ ఇరుసు పళ్ళు మరొక పెద్ద చక్రాన్ని తిప్పేలా వరుసగా అమర్చితే సాధ్యమే అన్నది జవాబు. వేయికి అయిదుకు నిష్పత్తి రెండు వందలు. అట్టిక్ తలాంతు సుమారు 26 కిలోలు. ఆ లెక్కన వేయి తలాంతులు 26 టన్నులు, బలంగా చెప్పాలంటే దాదాపు 255 కిలోన్యూటన్లు. దానిని ఎత్తే చేతి బలం 1.27 కిలోన్యూటన్లు మాత్రమే. నిజానికి చక్రాల రాపిడికి ఇంకొంత బలం అదనంగా కావాలి. ఇక్కడ తలాంతు అనే ఒకే మాట రెండు పనులు చేస్తున్నది. వేయి తలాంతులు అన్నచోట అది వస్తువు బరువు. అయిదు తలాంతులు అన్నచోట మనిషి కండబలం. బలానికి వేరే కొలమానం అవసరమని ఆనాడు ఎవరికీ తోచలేదు. తోచకపోయినా లెక్క తప్పలేదు, ఎందుకంటే వారికి కావలసినది నిష్పత్తి మాత్రమే. ఈ లాభానికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడా హెరోన్ దాచలేదు. బలం ఎన్ని రెట్లు తగ్గితే కాలం అన్ని రెట్లు పెరుగుతుంది. బరువు ఒక అడుగు లేవాలంటే చేయి రెండు వందల అడుగులు లాగాలి.

ఇరుసు-చక్రం, మీట, కప్పీ, చీల్చే మేకు, మర అనే అయిదు సాధనాలనూ ఈ గ్రంథం వివరిస్తుంది. పదవ శతాబ్దపు 'మఫాతీహ్ అల్ ఉలూమ్' అనే పారిభాషిక పదకోశంలో కొద్దిపాటి బలంతో బరువులను లాగే విద్యకు ప్రత్యేక స్థానం ఉన్నది. దీని రచయిత అబూ అబ్దుల్లా అల్ ఖ్వారిజ్మీ. బీజగణితం రాసిన ఖ్వారిజ్మీ వేరు. ఆ పదకోశంలోని పనిముట్ల పేర్లు కొన్ని గ్రీకు మాటలే. ముందు పుస్తకంలో, తర్వాత పదకోశంలో, ఆ తర్వాత పనివారి నోట అవి అరబ్బీ పదాలైపోయాయి.

తక్కెడనూ మీటనూ ఒకే సూత్రం కిందికి తెచ్చినవాడు సాబిత్ ఇబ్న్ ఖుర్రా (మరణం హిజ్రీ 288, క్రీ.శ. 901). 'ఖరస్తూన్' అనేది ఒక రకం కాటా. పొడవాటి కమ్మి, పొట్టి చేతికి వేలాడే సరుకు, పొడవు చేతి మీద అటూ ఇటూ జరిగే ఒక గుండు. బేరగాని దగ్గర ఇన్ని రాళ్లు అక్కరలేదు. ఒకే గుండు దూరం మార్చుకొంటూ చిన్న సరుకునూ పెద్ద బస్తానూ తూస్తుంది. సాబిత్ తన గ్రంథంలో దీనికి గణిత నిరూపణ ఇచ్చాడు. కమ్మికి సొంత బరువు ఉన్నదనీ, రెండు చేతులూ సమానం కానప్పుడు ఆ బరువు కూడా తూనికలో దొర్లుతుందనీ గుర్తించాడు. కమ్మి పొడవునా పరచుకొన్న బరువుకు బదులు, అంతే బరువును దాని మధ్యబిందువు వద్ద ఉన్నట్టు తీసుకోవచ్చునని చూపాడు. నేటికీ దూలాల మీద భారం లెక్కించే ఇంజనీరు చేసే పని ఇదే. క్రెమోనా వాసి జెరార్డ్ (మరణం 1187) దీనిని లాటిన్‌లోకి అనువదించగా, ఖరస్తూన్ అనే మాట ఆ పుస్తకం పేరులోనే ఐరోపాకు చేరింది.

ఇక మొదటి భాగం, బజారు తూనికలు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77 (క్రీ.శ. 696-97)లో నాణేలను సంస్కరించినప్పుడు బంగారు దీనారు 4.25 గ్రాములకు స్థిరపడింది. అదే మిస్కాల్. పది దిర్హంలు ఏడు మిస్కాళ్లకు సమానమని నిర్ణయమైంది కనుక షరీఅతు దిర్హం 2.975 గ్రాములు. ఈ రెండూ కాస్త స్థిరంగా నిలిచాయి. పైనున్న పెద్ద కొలమానాలు అలా నిలవలేదు. బగ్దాదు రత్ల్ ఎన్ని దిర్హంలు అనే ప్రశ్నకు ఇమాం నవవీ 128 4/7 అంటే, ఇమాం రాఫిఈ 130 అన్నారు. మొదటి లెక్క సరిగ్గా 90 మిస్కాళ్లు, రెండవది 91. ఇది పండితుల మధ్య ఒక్క మిస్కాల్ తేడా. నగరం మారితే తేడా ఇంతటితో ఆగదు. ఈజిప్టు రత్ల్ 144 దిర్హంలు. డమాస్కస్ రత్ల్ 600 దిర్హంలు! ఎక్కడైనా వంద రత్ళ్లు ఒక ఖింతార్. కనుక ఒకే దిర్హంతో లెక్క కట్టినా బగ్దాదు ఖింతార్ 38.25 కిలోలు, ఈజిప్టు ఖింతార్ 42.84 కిలోలు, డమాస్కస్ ఖింతార్ 178.5 కిలోలు అవుతాయి. నగరాల దిర్హంలు కూడా వేరువేరుగా ఉండేవి కాబట్టి వాస్తవంలో తేడాలు మరికొంత చిక్కుగా ఉండేవి.

ఈ అంకెలను బలంగా మార్చి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. ఈజిప్టు ఖింతార్ 420 న్యూటన్లతో తాడును లాగుతుంది. డమాస్కస్ ఖింతార్ 1,750 న్యూటన్లతో లాగుతుంది. ఈజిప్టులో పది ఖింతార్ల బరువు మోయగలదని పేరు పొందిన తాడును సిరియాకు తీసుకువెళ్లి, అక్కడి పది ఖింతార్ల సరుకు కడితే ఆ తాడు మీద నాలుగు రెట్లకు మించిన బలం పడుతుంది. పేరు ఒకటే, పలికే తీరు ఒకటే, తాడు మాత్రం తెగుతుంది. 1999 సెప్టెంబరులో అంగారకుని వద్దకు చేరిన అమెరికా అంతరిక్ష నౌక ఒకటి నాశనమైనదీ ఇలాంటి తప్పు వల్లనే. ఒక బృందం పౌను బలంలో ఇచ్చిన అంకెలను మరొక బృందం న్యూటన్లుగా తీసుకొన్నది. అక్కడి తేడా 4.45 రెట్లు. రెండు ఖింతార్ల తేడా 4.17 రెట్లు.

ఇదే మార్పిడి సమస్యను మన ఇళ్లలో ఏటా రంజాను నెలలో చాలామంది ఎదుర్కొంటారు, అయితే సమస్య అని గుర్తించరు. జకాత్ నిసాబ్ 20 మిస్కాళ్ల బంగారం లేదా 200 దిర్హంల వెండి. అరబ్బు దేశాల పుస్తకాలలో ఇది 85 గ్రాముల బంగారం, 595 గ్రాముల వెండి. మన దేశపు ఉలమాల గ్రంథాలలో ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి; అనగా 87.48 గ్రాములు, 612.35 గ్రాములు. రెండు లెక్కలు చూసి కంగారుపడేవారు ఉన్నారు. పెన్సిలు తీసుకొని భాగహారం చేస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. రెండవ లెక్కలో మిస్కాల్ 4.374 గ్రాములు, దిర్హం 3.062 గ్రాములు. వాటి నిష్పత్తి మళ్లీ పదికి ఏడే. అంటే పూర్వం నిర్ణయించిన నిష్పత్తిని ఎవరూ చెడగొట్టలేదు. దిర్హం ఎంత అన్న ఒక్క మూలప్రమాణం వద్దనే భేదం వచ్చింది.

తూనికలలో కొరత పెట్టేవారిని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. అర్రహ్మాన్ సూరా ఆకాశాన్ని ఎత్తిన విషయంతో పాటే త్రాసును నెలకొల్పిన విషయాన్ని ప్రస్తావిస్తుంది. ఈ బోధ ప్రసంగాలకే పరిమితం కాలేదు. బజారును తనిఖీ చేసే ముహ్తసిబ్ అనే అధికారి ద్వారా అది పాలనలో భాగమైంది. పన్నెండవ శతాబ్దపు షైజరీ రాసిన కరదీపికలో రత్ళ్లకు, ఖింతార్లకు, మిస్కాళ్లకు ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. తూకపు గుండ్లు ఇనుపవి కావాలి, వాటి మీద ముద్ర ఉండాలి. గత్యంతరం లేక రాళ్లు వాడితే వాటికి తోలు చుట్టి ముద్ర వేయాలి, ఎందుకంటే రాయి రాపిడికి అరుగుతుంది. ఈజిప్టులో ఉమయ్యద్ గవర్నర్ల కాలంనుంచే గాజు తూనికలు పోతపోశారు. గాజును రహస్యంగా అరగదీస్తే గీత కనబడక మానదు, పెచ్చు ఊడితే దాచలేరు. ఆ గాజు బిళ్లలు నేటికీ మ్యూజియాలలో ఉన్నాయి.

అయితే ముహ్తసిబ్ పని తక్కెడతో ముగియలేదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఇమాం మావర్దీ (మరణం హిజ్రీ 450, క్రీ.శ. 1058) తన 'అల్ అహ్కామ్ అల్ సుల్తానియ్యా'లో ఆ అధికారి బాధ్యతలు చెబుతూ, ఓడలలో అవి తట్టుకోలేనంత బరువు ఎక్కించకుండా, గాలి ఉధృతంగా ఉన్నప్పుడు ప్రయాణం కట్టకుండా యజమానులను ఆపవలసి ఉన్నదన్నాడు. పశువుల చేత వాటి శక్తికి మించి మోయించడాన్ని కూడా నిరోధించాలన్నాడు. మొదటిది కొనుగోలుదారుని హక్కు, రెండవది ప్రాణాల రక్షణ. ఫారాబీ రెండు భాగాలు ఇక్కడ ఒకే అధికారి చేతిలో కలిశాయి. సరుకు తక్కెడ మీద ఉన్నప్పుడు అది ఎంత ఉన్నది అన్నది ప్రశ్న. ఓడ మీద, ఒంటె మీద ఉన్నప్పుడు అది ఎంత నొక్కుతున్నది అన్నది ప్రశ్న.

ఈ విద్య పరాకాష్ఠకు చేరినది సెల్జూఖు సుల్తానుల ఖురాసాన్‌లో. ఉమర్ ఖయ్యాం సమకాలికుడైన ముజఫ్ఫర్ అల్ ఇస్ఫిజారీ ఎంతో శ్రమించి ఒక సూక్ష్మమైన త్రాసును నిర్మించాడు. లోహాన్ని గాలిలోనూ నీటిలోనూ తూచి, కరిగించకుండానే అందులోని కల్తీని పట్టివేసే సాధనం అది. చరిత్రకారుడు జహీరుద్దీన్ బైహఖీ చెప్పిన ప్రకారం, ఆ త్రాసు సుల్తాను ఖజానాకు చేరగానే కోశాధికారికి భయం పట్టుకొన్నది. తన మోసం బయటపడుతుందని ఆ త్రాసును ముక్కలు చేయించాడు. ఆ వార్త విన్న ఇస్ఫిజారీ దుఃఖంతో మంచం పట్టి మరణించాడు. విజ్ఞాన చరిత్రలో ఒక పరికరం పట్ల ఇంతటి భయాన్ని తెలిపే ఉదంతాలు అరుదు. ఆ త్రాసు బాగా పనిచేసేదనడానికి కోశాధికారి భయాన్ని మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఆ పనిని తిరిగి చేపట్టినవాడు మర్వ్ నగరానికి చెందిన అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీ. ఈయన గ్రీకు సంతతికి చెందిన బానిస. యజమాని ఈయన ప్రతిభ చూసి గణితం, తత్త్వశాస్త్రం చెప్పించాడు. ఖాజినీ అనే పేరు కూడా ఆ యజమాని పేరునుంచి వచ్చినదే. సుల్తాన్ సంజర్ వేయి దీనారులు కానుకగా పంపితే ఈయన తిప్పి పంపాడనీ, ఏడాదికి మూడు దీనారులు తనకు చాలునన్నాడనీ బైహఖీ రాశాడు. హిజ్రీ 515 (క్రీ.శ. 1121-22)లో ఖాజినీ తన మహాగ్రంథం 'కితాబ్ మీజాన్ అల్ హిక్మా' పూర్తిచేశాడు. వివేక తుల అని దాని అర్థం. గ్రంథారంభంలో న్యాయాన్ని నిలబెట్టేవి మూడు అని చెబుతాడు: దైవగ్రంథం, సన్మార్గంలో నడిచే నాయకులు-పండితులు, త్రాసు. అయిదు పళ్ళేల త్రాసు నిర్మాణం, దాని సర్దుబాటు, దానితో తూచిన లోహాల, రత్నాల పట్టికలు అందులో ఉన్నాయి. నీటితో పోల్చినప్పుడు బంగారం 19.05 రెట్లు, పాదరసం 13.56 రెట్లు, సీసం 11.32 రెట్లు బరువని ఆ పట్టికలు చెబుతాయి. నేటి విలువలు వరుసగా 19.3, 13.55, 11.35. వీటిలో చాలా కొలతలకు అల్ బీరూనీ వేసిన దారి ఉన్నదని ఖాజినీ దాచుకోలేదు.

మన విషయానికి ముఖ్యమైనది ఆ గ్రంథపు మొదటి అధ్యాయాలు. అబూ సహ్ల్ అల్ ఖూహీ, ఇబ్న్ అల్ హైసమ్ చెప్పిన సిద్ధాంతాలను సంగ్రహిస్తూ ఖాజినీ 'సిఖ్ల్'ను, అనగా భారాన్ని, ఒక 'ఖువ్వత్'గా నిర్వచిస్తాడు. భారమైన వస్తువు దేనిచేత విశ్వకేంద్రం వైపు కదులుతుందో ఆ బలమే భారం. బరువు ఒక బలమని ఇంత సూటిగా చెప్పిన వాక్యం, మిస్కాళ్లతో దిర్హంలతో కల్తీ బంగారాన్ని తూచే పుస్తకానికి ముఖద్వారంగా నిలబడి ఉన్నది. అంతటితో ఆగక ఆయన మరొక అడుగు వేశాడు. ఒకే వస్తువు భారం అన్నిచోట్లా ఒక్కటి కాదనీ, కేంద్రంనుంచి దాని దూరాన్ని బట్టి మారుతుందనీ, దట్టమైన గాలిలో తగ్గి పలుచని గాలిలో పెరుగుతుందనీ అన్నాడు.

దీనిని పట్టుకొని న్యూటన్ కంటే అయిదు శతాబ్దాల ముందే ఖాజినీ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని కనుగొన్నాడని కొందరు రాశారు. ఇది సరికాదు. ఇలాంటి మాటలు ఖాజినీ గౌరవాన్ని పెంచవు. ఆయన చెప్పిన కేంద్రం అరిస్టాటిల్ విశ్వానికి కేంద్రం. ప్రతి వస్తువూ మరొక వస్తువును ఆకర్షిస్తుందన్న ఆలోచన ఆయనకు లేదు. పైగా దూరం పెరిగిన కొద్దీ భారం పెరుగుతుందన్నాడు. భూమి ఉపరితలంనుంచి పైకి పోయినప్పుడు జరిగేది దీనికి వ్యతిరేకం. భూమి లోపల అంతటా ఒకే సాంద్రత ఉన్నదనుకొంటే, లోపలి దూరాలకు మాత్రం ఆయన మాట వర్తిస్తుంది, అదీ కాకతాళీయంగా. ఆయన ఘనత వేరొక చోట ఉన్నది. బరువు వస్తువుకు అతికించిన శాశ్వతమైన ముద్ర కాదు, అది ఉన్న స్థానాన్నీ, దాని చుట్టూ ఉన్న పదార్థాన్నీ బట్టి మారే బలం అని ఆయన గ్రహించాడు.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. భారం స్థానాన్ని బట్టి మారుతుందన్న మాటను ఖాజినీ తన అద్భుతమైన త్రాసుతో ఎన్నడూ పరీక్షించగలిగి ఉండేవాడు కాదు. త్రాసులో ఒకవైపు వస్తువు, మరొకవైపు గుండు ఉంటాయి. త్రాసును కొండ శిఖరానికి తీసుకువెళితే రెండింటి భారమూ ఒకే నిష్పత్తిలో మారుతుంది. కమ్మి నిటారుగా కాక మునుపటిలాగే సమంగా నిలుస్తుంది. గాలి సంగతి వేరు. ఉబ్బుగా ఉన్న వస్తువును గట్టి లోహపు గుండుతో తూస్తే గాలి తేడా కొంత కనబడుతుంది. కాని భూమి లాగుడులోని తేడాకు త్రాసు గుడ్డిది. నిజానికి వర్తకుడికి ఆ గుడ్డితనమే మేలు. మర్వ్‌లో తూచినా మక్కాలో తూచినా మిస్కాల్ మిస్కాలే. నేటి భాషలో చెప్పాలంటే, త్రాసు భారాన్ని కాక ద్రవ్యరాశిని పోలుస్తుంది. ఖాజినీ పుస్తకం ఒకదానిని నిర్వచించింది, ఆయన పరికరం మరొకదానిని కొలిచింది. ఆ రెండూ వేరని చెప్పే మాట అప్పటికి ఏ భాషలోనూ లేదు.

తేడాను బయటపెట్టినది లోలకం. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషేర్ భూమధ్యరేఖకు దగ్గరనున్న కయెన్ దీవికి వెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగా నడిచిన లోలకపు గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనుకబడింది. 1687లో న్యూటన్ ద్రవ్యరాశిని, భారాన్ని విడదీసి చూపాడు. అయినా వ్యవహారంలో కిలో అనే ఒకే మాట చాలాకాలం రెండు పనులూ చేసింది. 1901లో తూనికలు-కొలతల అంతర్జాతీయ మహాసభ మూడవ సమావేశం ఈ గందరగోళాన్ని తొలగించేందుకు ప్రకటన చేయవలసి వచ్చింది. కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణం. భారం బలం జాతికి చెందినది. ప్రామాణిక గురుత్వ త్వరణం 9.80665. ఆ బలపు ప్రమాణానికి న్యూటన్ పేరును అదే మహాసభ 1948లో ఖాయం చేసింది. వ్యాసం మొదట్లోని గుణకం పుట్టినది ఇలా. అది ఒప్పందం మీద నిలిచిన సంఖ్య. అసలు విలువ భూమధ్యరేఖ వద్ద 9.780, ధ్రువాల వద్ద 9.832. హైదరాబాదులో సుమారు 9.78. కనుక పది టన్నుల దూలం హైదరాబాదులో 97.8 కిలోన్యూటన్లతో మోకును లాగుతుంది, ధ్రువం వద్ద 98.3తో లాగుతుంది. దూలంలోని ఇనుము మాత్రం రవ్వంత కూడా మారదు.

బరువులెత్తే పనిలో బలపు ప్రమాణం అవసరం మరొక సందర్భంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పన్నెండు టన్నుల వస్తువు కదలకుండా వేలాడుతున్నప్పుడు మోకు మీద 117.7 కిలోన్యూటన్ల బలం ఉంటుంది. సెకనుకు అర మీటరు చొప్పున వేగం పెంచుతూ దానిని పైకి లేపితే అది 123.7 అవుతుంది. ఒక్క కుదుపుతో లాగితే ఇంకా పెరుగుతుంది. టన్నుల లెక్కలో ఈ పెరుగుదల కనిపించదు, పన్నెండు పన్నెండుగానే ఉంటుంది. సులువు కోసం చాలామంది పని స్థలాలలో టన్నును పది కిలోన్యూటన్లుగా తీసుకొంటారు. ఎత్తవలసిన బరువుకు ఇలా చేస్తే నష్టం లేదు, నూటికి రెండు పాళ్లు ఎక్కువ అంచనా వేసినట్టు. మోకు సామర్థ్యానికి ఇలాగే చేస్తే లేని బలాన్ని ఉన్నదనుకొన్నట్టు. టన్నులో కూడా ఖింతార్ వంటి చిక్కు లేకపోలేదు. మెట్రిక్ టన్ను 9.807 కిలోన్యూటన్లు, బ్రిటిష్ టన్ను 9.964, అమెరికా టన్ను 8.896. అమెరికా లెక్కన పన్నెండు టన్నులని రాసి ఉన్న మోకు మీద మన పన్నెండు టన్నులు వేలాడదీస్తే, రాసినదానికంటే నూటికి పది పాళ్లు ఎక్కువ బలం పడుతుంది. తయారీదారులు సామర్థ్యాన్ని తెగే బలం కంటే ఎన్నో రెట్లు తక్కువగా రాయడం వల్ల వెంటనే ప్రమాదం జరగకపోవచ్చు. ఆ జాగా కుదుపుల కోసం, అరుగుదల కోసం వదిలినది, లెక్క తప్పుల కోసం కాదు.

ఖాజినీ గ్రంథం ఐరోపాకు మధ్యయుగంలో చేరలేదు. రష్యన్ దౌత్యవేత్త ఖానికోవ్ తనకు దొరికిన ఒక రాతప్రతినుంచి తీసిన భాగాలు 1860 ప్రాంతంలో అమెరికా ప్రాచ్య పరిశోధన సంఘం పత్రికలో ఆంగ్ల అనువాదంతో అచ్చయ్యాయి. అరబ్బీ మూలం పుస్తకరూపంలో అచ్చయినది మన హైదరాబాదులో. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ దానిని హిజ్రీ 1359 (క్రీ.శ. 1940-41)లో ప్రచురించింది. నేటికీ పరిశోధకులు ఆ ముద్రణను ఉదహరిస్తారు. ఆ అచ్చు పని జరుగుతున్న రోజుల్లో మన ప్రాంతపు బజార్లలో మణుగు రాజ్యమేలుతున్నది. ఉర్దూలో మన్, అరబ్బీలో రెండు రత్ళ్ల కొలమానమైన మన్న్, ఒకే మాట. రైల్వే గూడ్సు షెడ్డులో మణుగు 82 2/7 పౌన్లు. మద్రాసు వైపు తెలుగు జిల్లాలలో ఎనిమిది వీశెల మణుగు సుమారు 25 పౌన్లు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకు మించి తేడా. 1956 చట్టం ప్రకారం 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా కిలోలు అమలులోకి వచ్చిన తర్వాత గాని ఆ రెండు మణుగులూ బజారునుంచి తప్పుకోలేదు.